చివర ఎవరు తొక్కుతారని అడుగు

అనంతపురం,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బుజ్జమ్మకు అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాయన, జేజి బాగున్నారు. ఆషాఢం గాలికి ఇంటి ముందర వేపచెట్టు కొమ్మ ఒకటి విరిగి పడింది, అంతకుమించి విశేషం లేదు. నువ్వు వచ్చేటప్పుడు జేజి మోకాళ్ళకు రాసుకునే నూనె తేవాల. ముందే రాసేస్తున్నాను, అసలు సంగతిలో పడితే మర్చిపోతాను.

బుధవారం ఫోన్లో నువ్వన్న మాట నాలుగు రోజులుగా మనసులోంచి పోవట్లేదు. మీ ఆఫీసులో ఒక అమ్మాయి వాళ్ళ ఆదివారం సైకిల్ గుంపులోకి నిన్ను పిలిచిందన్నావు. నువ్వేమో "ఇప్పుడే వద్దులే, ముందు ఒంట్లో కాస్త బలం రానీ, వాళ్ళతో సమానంగా తొక్కగలిగినాక చేరతా" అన్నావంట. నేనేదో చెప్పబోయేలోపు మీటింగ్ ఉందని పెట్టేసినావు. అందుకే కాగితం తీసుకున్నాను.

సంక్రాంతికి ముందు కొన్న సైకిల్ ఆషాఢం వచ్చినా బాల్కనీలోనే ఉంది. మొన్న వీడియో కాల్‌లో చూసినాను, దాని హ్యాండిల్ మీద తువ్వాలు ఆరేసి ఉంది. బలం వచ్చినాక చేరదామంటే, ఆ బలం యాడ నుంచి వస్తుంది బుజ్జీ? ఒక్కదానివే చీకట్లో లేచి, ఒక్కదానివే తొక్కి, ఒక్కదానివే తిరిగొచ్చే ఓపిక చానామందికి ఉండదు. నాకూ లేకపోయింది. తొక్కడం వచ్చినాక నేను గుంపులో చేరలేదు. గుంపులో చేరినాకే నాకు తొక్కడం వచ్చింది.

నా సైకిల్ కథ నీకు సగమే తెలుసు. ఊర్లో మీ తాతకు పెద్ద అట్లాస్ సైకిల్ ఉండేది. నాకు పదేండ్లప్పుడు సీటు అందేది కాదు. కడ్డీ కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేదాన్ని. మోకాళ్ళ నిండా దెబ్బలే. పన్నెండో ఏట సీటెక్కినాను. అప్పుడు రోడ్డు నాదే అనిపించింది. పదమూడో ఏట పెద్దమనిషినైనాను. ఆ ముచ్చట అయిపోయిన వారానికి సైకిల్ తీయబోతే మా అవ్వ "ఇంక చాల్లే, దిగు" అనింది. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటకు దిగినదాన్ని, మళ్ళీ ఎక్కేసరికి నలభై ఏండ్లు గడిచిపోయినాయి.

మధ్యలో ఒక రోజు మాత్రం గుర్తుంది. బడికొస్తా పథకం కింద మా హైస్కూల్ ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చినప్పుడు సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడి వాళ్ళు పోయేది చూసేదాన్ని. ఒక పిల్ల చున్నీ చైన్లో ఇరుక్కుంది. కూర్చొని మెల్లగా లాగి, ఆ పిల్ల నడుముకు కట్టి పిన్ను పెట్టి పంపినాను. చేతులకు గ్రీజు అంటింది. స్టాఫ్ రూములో సబ్బు ఉంది, అయినా చానాసేపు కడుక్కోబుద్ధి కాలేదు.

రెండేండ్ల కింద మోకాళ్ళ నొప్పులకు డాక్టర్ దగ్గరికి పోతే, నడకలో ఒంటి బరువంతా కీళ్ళ మీదనే పడుతుంది, సైకిల్ మీదైతే సీటు మోస్తుంది, తొక్కి చూడండి అన్నాడు. ఆ మాట నాలో ఎంత కదిలించిందో ఆయనకు తెలీదు. అట్లా పాతదొకటి, గేర్లున్నది కొన్నాను. ఇదంతా నువ్వెరిగిందే. ఆ తర్వాత జరిగింది నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను.

మొదట నేను పోయిన గుంపు ఇప్పటిది కాదు. వాళ్ళు వేగంగా తొక్కేవాళ్ళు. కళ్యాణదుర్గం రోడ్డులో ఊరు దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయేసరికే వాళ్ళ వెనక ఎర్ర లైట్లు చుక్కలైనాయి, ఇంకాసేపటికి అవీ లేవు. నేను, లారీలు, చీకటి. అంతలో వెనక చక్రం మెత్తబడింది. దిగి చూస్తే పల్లేరుకాయ. నా దగ్గర ట్యూబు లేదు, ఉన్నా మార్చడం రాదు. ఎవరన్నా వెనక్కి వస్తారేమోనని పావుగంట నిలబడినాను. రాలేదు. నేను లేనని వాళ్ళు గమనించలేదని తర్వాత తెలిసింది. చివరికి పాలక్యాన్ల ఆటో ఆయన ఆపి, సైకిల్‌ను క్యాన్ల మీద పడుకోబెట్టి, నన్ను టౌన్ దాకా తెచ్చినాడు. ఇంటికొచ్చి మీ నాయనకు పంచర్ అయిందని మాత్రమే చెప్పినాను. రెండు నెలలు సైకిల్ ముట్టుకోలేదు. నాకు బలం లేదు, వయసైపోయింది, ఇది నాకు తగిన పని కాదు అనుకున్నాను. నువ్వు ఫోన్లో అన్న మాటే అప్పుడు నేను అనుకున్నది. అందుకే నిద్ర పట్టలేదు నాకు.

మన వీధి చివర ఒక నర్సు ఉంటుంది, నేను చెల్లెలా అని పిలుస్తాను. ఆ నర్సు చెల్లెలు ఒక రోజు నా సైకిల్ మీద దుమ్ము చూసి అడిగింది. జరిగింది చెప్పినాను. ఆమె విని, "అక్కా, చేరేముందు నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉండె. ఎంత వేగంగా పోతారని కాదు, చివర ఎవరు తొక్కుతారని" అనింది. వాళ్ళ గుంపులో అందరికంటే గట్టిగా తొక్కే పిల్లోడే చివర ఉంటాడంట.

నేను నమ్మలేదు. పోయి చూసినాను. నిజమే. ఆ అబ్బాయి దూరపు సవారీలు చేసేవాడు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లోపల పూర్తి చేసే పరీక్షలుంటాయి చూడు, అవి చేసినోడు. అట్లాంటోడు ఆదివారం పూట పంపు, రెండు ట్యూబులు, పంచర్ సామాను వీపుకు తగిలించుకొని నా వెనక గంటకు పదహారు కిలోమీటర్ల వేగంతో వస్తాడు. మన రోడ్ల మీద గొర్రెల మందలు పోతుంటే చూసినావు కదా, కాపరి ఎప్పుడూ వెనకే నడుస్తాడు. కుంటేది, మేతకు ఆగేది వెనకే ఉంటుంది గనక. నేను గుట్ట ఎక్కలేక దిగి నడిస్తే అతనూ దిగి నడిచినాడు. మాట్లాడించి ఇబ్బంది పెట్టలేదు, ఉత్సాహపరచాలని అరవలేదు. ఊరికే పక్కన నడిచినాడు.

మా గుంపు పన్నెండు మంది. ఒక్కోసారి ఐదుగురే వస్తాం. టైలర్ ఒకాయన, మెడికల్ షాపు అన్న, రిటైరైన లైన్‌మన్, కొత్తగా పెండ్లైన జంట, ఇంటర్ చదివే పిల్లోడు, నర్సు చెల్లెలు, నేను, ఇట్లా. తెల్లవారి ఐదున్నరకు టవర్ క్లాక్ దగ్గర చేరతాం. బయల్దేరేముందు ఒకరి చక్రాలు ఒకరు నొక్కి చూస్తాం, బ్రేకులు పట్టి చూస్తాం. ముందు ఒకరు దారి చూపిస్తారు, ఆ మనిషిని దాటి ఎవరూ పోరు. ముందున్నవాళ్ళు "గుంత!" అంటే ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి చివరిదాకా రావాల. వెనకున్నవాళ్ళు "బండి!" అంటే ముందుకు పోవాల. మలుపు తిరిగే ప్రతిచోటా ఆగి లెక్క పెట్టుకుంటాం. మొత్తం 30, 35 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే, ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటాం. అంతే మా ఘనకార్యం.

ఇప్పుడు గాలి సంగతి చెప్తాను, ఇది నాకు చానా ఇష్టమైన భాగం. మన వైపు గాలి నీకు తెలుసు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి. అందుకని ఈ మూడు నెలలు మేము సింగనమల వైపు పోము. అటు పోతే పోయేటప్పుడు గాలి వీపున తోస్తుంది, నేనెంత గట్టిదాన్నో అనిపిస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ప్రాణం తీస్తుంది. కళ్యాణదుర్గం దారి పడితే అలుపు లేనప్పుడే ఎదురుగాలిని తిని, అలిసినాక గాలితోనే ఇంటికొస్తాం. లైన్‌మన్ అన్న నేర్పిన తెలివి ఇది.

ఇరవై ఆరేండ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుందని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసుంటానో. ఒంటితో తెలుసుకున్నది మాత్రం ఆ రోడ్డు మీదే. గంటకు 18 కిలోమీటర్లు తొక్కేదానికి 20 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే, నా ఛాతీకి తగిలేది 38. గాలి లేని రోజుతో పోలిస్తే నాలుగు రెట్లు దాటిన అడ్డు. అట్లాంటి పూట టైలరన్న "మేడం, నా వెనక్కి రండి" అని నా ముందుకొచ్చినాడు. అంతే, ఎవరో తలుపు మూసినట్టు గాలి హోరు తగ్గిపోయింది. ముందు మనిషి చీల్చిన గాలి వెనక మనిషికి అంతగా తగలదు. దగ్గరగా ఉంటే శ్రమ పాతిక, ముప్పై శాతం దాకా తగ్గుతుంది. కొత్తవాళ్ళను ఒక సైకిల్ పొడుగు ఎడం ఉంచమంటారు, అంత ఎడంలోనూ తేడా తెలుస్తుంది. కాసేపటికి ముందున్నాయన పక్కకు జరిగి వెనక్కి వస్తాడు, ఇంకొకరు ముందుకు పోతారు. మూడో నెలలో నా వంతు వచ్చింది. నేను ముందు. రెండు నిమిషాలే. నా వెనక పదిమంది నా నీడన వస్తున్నారని తెలిసి తొక్కిన ఆ రెండు నిమిషాలు, బుజ్జీ, నువ్వు పుట్టినప్పుడు నిన్ను నా చేతిలో పెట్టినంత గట్టిగా గుర్తుండిపోయినాయి. ఎక్కువ చేసి రాయట్లేదు.

ఆ దారిలో ఇప్పుడు చెనక్కాయ విత్తనం పడుతోంది. ఎర్రమట్టి చేలల్లో ట్రాక్టర్ గొర్రులు తిరుగుతున్నాయి. రైతులు మొగులు చూసి చూసి మెడలు నొప్పి పుట్టించుకుంటున్నారు. మబ్బు వస్తుంది, గాలి తోసుకొని పోతుంది. మాకు ఎదురుగాలి ఒక పూట కష్టం, వాళ్ళకు ఏడాది కష్టం.

గాలి తగ్గినాక మళ్ళీ బుక్కరాయసముద్రం దారి. అటు పోతే టీ ముసలమ్మ కట్ట దగ్గర. విజయనగర రాజు బుక్కరాయల పేరున 14వ శతాబ్దంలో కట్టిన చెరువది. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని చిన్నప్పుడు నీకు చెప్పినాను. ముసలమ్మ అంటే ముసలిదనుకునేదానివి నువ్వు. పేరే ముసలమ్మ, ఆమె పడుచు కోడలు. చెరువులో నీళ్ళున్న ఏడు ఆ కట్ట మీద కూర్చొని టీ తాగుతుంటే నాకు ఆమె గుర్తొస్తుంది. ఆ పిల్లను ఎవరన్నా ఆగమని ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

టీ అంటే టీ ఒక్కటే కాదులే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమోత, పైన పప్పులపొడి. తొక్కి ఖర్చు చేసినదంతా అక్కడే తిరిగొచ్చేస్తుందని మీ నాయన అంటాడు, రానీ. డబ్బులు వంతులవారీగా ఇస్తాం, ఇంటర్ పిల్లోడి దగ్గర మాత్రం తీసుకోం. తొక్కేది రెండు గంటలైతే అక్కడ ముక్కాలు గంట కూర్చుంటాం. కూతురి కాన్పు, మందుల ధరలు, కరెంటు స్తంభం మీద నుంచి చూస్తే ఊరెట్లా కనపడేది, జాకెట్టు మెడ ఎందుకు జారుతుంది, ఇవే మాటలు. స్టాఫ్ రూములో నాతో ఇరవై ఏండ్లు కూర్చున్నవాళ్ళకు చెప్పుకోని మాటలు ఆ కట్ట మీద చెప్పుకున్నాను. పక్కపక్కనే తొక్కి, చెమట పట్టి, ఒకే పళ్ళెంలో బజ్జీ తీసుకున్నాక మనిషికి మొగమాటం తగ్గుతుందేమో.

పడలేదా అంటే, పడినాను. నీకు చెప్పకుండా దాచింది ఇదొకటి. శివరాత్రి తర్వాత వారం. మాటల్లో పడి నా ముందు చక్రాన్ని ముందామె వెనక చక్రం పక్కకు పోనిచ్చినాను. ఆమె గుంత తప్పించింది, చక్రాలు రాసుకున్నాయి, నేను మోచేతి మీద పడినాను. అట్లా తగిలినప్పుడు పడేది ఎక్కువగా వెనకున్నోళ్ళే. తప్పు నాదే. హెల్మెట్ ఉంది గనక తలకేమీ కాలేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: నీ ముందు చక్రం ఎవరి వెనక చక్రం పక్కకూ పోకూడదు. ఎంత నవ్వులాటలో ఉన్నా సరే.

ఇంక నీ సైకిల్. వంపు హ్యాండిల్ దాంతో మెడ, చేతులు నొప్పి అన్నావు. వంపు కింద పట్టుకోవద్దు, బ్రేకుల పైనున్న బొడిపెల మీద చేతులుంచి మోచేతులు కాస్త వదులుగా పెట్టు. సీటు చూసుకో. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా రావాల. సీటు కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది, నేను ఆర్నెల్లు అట్లనే తొక్కి బాధపడినాను. సన్న టైర్లలో గాలి వారానికే తగ్గిపోతుంది, తొక్కే ప్రతిసారీ పట్టు. టైరు పక్కన రాసినది గరిష్ఠం, అంతదాకా నింపొద్దు, నీ బరువుకు అవసరం లేదు. పెద్ద గేర్లో కష్టపడి తొక్కేది బలమనుకోవద్దు. తేలిక గేర్లో గబగబా తిప్పు, మోకాళ్ళు నీవి. చున్నీ వద్దు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాల. దాహం కాకముందే నీళ్ళు తాగు, సీసాలో చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ.

మీ హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో సైకిల్ దారి వేసినారు కదా, 23 కిలోమీటర్లంట, 2023లో తెరిచినారు. లారీలు లేని దారి, నీడ కూడా. మాకు అట్లాంటిది ఒక్క కిలోమీటరున్నా చాలనిపిస్తుంది. మొదటి రెండు వారాలు వాళ్ళను అక్కడికే రమ్మను. సిగ్గుపడకుండా ఆ అమ్మాయిని అడుగు: మీలో చివర ఎవరు తొక్కుతారు, ఎవరైనా ఆగిపోతే ఏం చేస్తారు అని. ఆమె వెంటనే ఒక మనిషి పేరు చెప్తే పో. తడబడి, అందరూ మంచోళ్ళే, నీకే అలవాటవుతుందిలే అంటే మాత్రం వద్దు, ఇంకో గుంపు వెతుకు. అంత పెద్ద ఊర్లో దొరక్కపోదు. ఒక గుంపు నిన్ను వదిలేసి పోతే నీకు బలం లేదని అనుకోవద్దు. నేను అనుకొని రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటే, సైకిల్ కోసం ఒక్కటే కాదు. మార్చిలో నీకు మూడు రోజులు జ్వరం వచ్చింది. తగ్గినాక చెప్పినావు. ఆ మూడు రోజులు నీ తలుపు కొట్టింది అన్నం తెచ్చే డెలివరీ పిల్లోడు ఒక్కడే అని నువ్వు మామూలుగా అన్నావు, నేను మామూలుగా విన్నాను. ఫోన్ పెట్టినాక వంటింట్లో చానాసేపు కూర్చుండిపోయినాను. రెండేండ్లైంది నువ్వు అక్కడికి పోయి. ఆఫీసు వాళ్ళున్నారు, పక్క ఫ్లాటు వాళ్ళున్నారు, అయినా నువ్వు ఒక పూట కనపడకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి లేదు.

పోయిన నెల జేజికి ఒంట్లో బాగలేక నేను ఒక ఆదివారం పోలేదు, చెప్పడం మర్చిపోయినాను. ఐదు ముప్పై ఐదుకు నర్సు చెల్లెలు ఫోన్. ఐదు నలభైకి మెడికల్ షాపు అన్న ఫోన్. తొమ్మిదికి టైలరన్న ఇంటికే వచ్చి, జేజిని పలకరించి, పొట్లం కట్టిచ్చిన ఉగ్గాని ఇచ్చి పోయినాడు. నీకు అట్లాంటి ఫోన్ ఒకటి రావాల. దానికోసం నువ్వు వేగంగా తొక్కాల్సిన పని లేదు.

దసరాకు వచ్చినప్పుడు నీ సైకిల్ తేవద్దు, బస్సులో పాడవుతుంది. మా ఇంటర్ పిల్లోడి అక్క సైకిల్ ఊరికే ఉంది, అడిగి పెట్టినాను. సీటు నీ ఎత్తుకు ఎంత లేపాలో కొలిచి పంపు, తుంటి ఎముక నుంచి నేల దాకా. ఆదివారం పొద్దున ఏడింటికి మేము టీ దగ్గర ఉంటాం, అప్పుడు ఫోన్ చేసి ఆ అమ్మాయి ఏం చెప్పిందో చెప్పు. మా వాళ్ళు కూడా వింటామన్నారు.

ముందు ఆ తువ్వాలు తీసెయ్యి.

మీ అమ్మ